నాలుగున్నర వేల సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్: అమ్మేయాలా, బాగుచేసుకోవాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్ 4,500కి తీసుకున్నావు. తీగలు ఫ్రెట్‌బోర్డు మీద బాగా ఎత్తులో ఉన్నాయి, వేళ్లు నొప్పెడుతున్నాయి, ఎఫ్ కార్డ్ (కొన్ని తీగల్ని ఒకేసారి నొక్కి పట్టే స్వరాల కూర్పు) అసలు పడటం లేదు. ట్యూన్ చేసిన కాసేపటికే శ్రుతి జారిపోతోంది. వాల్యూమ్ తిప్పితే గరగర, యాంప్‌కి తగిలిస్తే గుయ్‌మని హమ్, తీగల మీద చెయ్యి పెడితే ఆ హమ్ తగ్గుతోంది. ఒకాయన చూసి నెక్ వంగిపోయింది, పనికిరాదన్నాడు. ఇంకొకాయన పికప్‌లు, అంటే తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంత భాగాలు, మార్చమన్నాడు. నీకేమో సినిమా పాటలతో పాటు అన్నమయ్య కీర్తనలు కూడా వాయించాలని ఉంది. దీన్ని అమ్మేసి కొత్తది కొనాలా, దీని మీదే ఇంకొంచెం ఖర్చు పెట్టాలా అని అడిగావు.

అమ్మొద్దు. పికప్‌లు కూడా కొనొద్దు. నువ్వు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా గిటార్ పాడైపోయిందని చెప్పేది కాదు. దానికి సెటప్, అంటే నెక్ వంపు, తీగల ఎత్తు, శ్రుతి సరిచూసి సర్దే పని, ఎప్పుడూ జరగలేదని చెబుతున్నాయి. తిరుపతిలో ఎంతో ఇష్టంగా గిటార్ మొదలుపెట్టి మూడు నాలుగు నెలల్లో వదిలేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లందరూ చెప్పేది ఒకటే, 'నా వేళ్లకి ఇది రాదన్నా' అని. వాళ్ల గిటార్ చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, తప్పు వేళ్లది కాదని. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర తీగ మూడున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఎంత సాధన చేసినవాడికైనా చెయ్యి పడిపోతుంది. చవక గిటార్లు ఫ్యాక్టరీ నుంచి డబ్బాలోకి, డబ్బాలోంచి ఇంటికి నేరుగా వచ్చేస్తాయి. మధ్యలో వాటిని కూర్చోబెట్టి సరిచూసేవాళ్లు ఉండరు.

ఇంట్లో వీణ ఉన్నవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. వీణకున్న 24 మెట్లూ మైనంలో నిలబడి ఉంటాయి. ఏళ్లు గడిచి మైనం సడలి మెట్లు కదిలితే మేళం మళ్లీ కట్టిస్తారు. అంతేగానీ వీణను అటక మీద పడేయరు. గిటార్ సెటప్ కూడా అలాంటి పనే. కాకపోతే ఇందులో చాలా భాగం నువ్వే ఇంట్లో చేసుకోవచ్చు.

డబ్బు పెట్టే ముందు మూడు విషయాలు చూడు. హెడ్‌స్టాక్ మొదట్లో, అంటే తల భాగం నెక్‌తో కలిసే చోట, జుట్టులాంటి పగులు ఉందేమో వెలుతురులో చూడు. తర్వాత గిటార్‌ని బాడీ వైపు నుంచి కంటికి ఆనించి నెక్ పొడవునా చూడు. రెండు అంచులూ ఒకే తీరుగా కనిపించాలి. ఒక అంచు పైకీ ఒక అంచు కిందికీ మెలిక పడి కనిపిస్తే అది మామూలు సెటప్‌తో పోదు. మూడోది ట్రస్ రాడ్, అంటే నెక్ లోపల ఉండి దాని వంపును సర్దే ఇనుప కడ్డీ. దాని నట్ అరిగిపోయి కీ గిర్రున జారిపోతున్నా, అసలు కదలకుండా బిగుసుకుపోయి ఉన్నా అక్కడితో ఆగు. ఈ మూడింటిలో ఏదైనా ఉంటే 4,500 గిటార్ మీద ఇంకా డబ్బు పోయకపోవడమే మంచిది. నీ గిటార్‌లో నెక్ నాలుగు స్క్రూలతో బాడీకి బిగించి ఉంటుంది కాబట్టి వేరే నెక్ వేసుకునే దారి ఉంది. కానీ అది తర్వాతి మాట.

ఇక 'నెక్ వంగిపోయింది' అన్న మాట. నెక్ కొంచెం వంగే ఉండాలి. తీగ మోగేటప్పుడు మధ్యలో ఎక్కువ వెడల్పున ఊగుతుంది. దానికి చోటు కావాలి కాబట్టి నెక్ మధ్యలో సన్నని పల్లం ఉంచుతారు, దాన్ని రిలీఫ్ అంటారు. అది ఎక్కువైందా లేదా అన్నదే ప్రశ్న. దీన్ని కొలవడానికి నీ తీగే స్కేలు. ఆరో తీగను, అంటే లావు తీగను, మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కు. కాపో (తీగలన్నింటినీ నొక్కి పట్టే క్లిప్పు) ఉంటే మొదటి ఫ్రెట్‌కి పెట్టుకో, ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడు. 0.25 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. ఇది కొలవడానికి ఫీలర్ గేజ్ కావాలి. దానికోసం మ్యూజిక్ షాపులు తిరగక్కర్లేదు. బండికి టాపెట్ సెట్టింగ్ చేసే మెకానిక్ ఎవరి దగ్గరైనా ఉంటుంది, ఆటోమొబైల్ స్పేర్స్ షాపుల్లో కొత్తది కూడా తక్కువకే దొరుకుతుంది. అదీ లేకపోతే మామూలు విజిటింగ్ కార్డు దూర్చి చూడు. కార్డు తీగను కదిలించీ కదిలించకుండా దూరితే చాలు. అర మిల్లీమీటరు పైన సందు ఉంటే నెక్ ఎక్కువ లొంగింది. అసలు సందే లేకుండా తీగ ఫ్రెట్లన్నింటికీ ఆనుకుని ఉంటే నెక్ వెనక్కి వంగింది.

ఎక్కువ లొంగితే ట్రస్ రాడ్ బిగించాలి. సర్దే రంధ్రానికి ఎదురుగా ఉండి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, నెక్ నిటారవుతుంది. వెనక్కి వంగితే దానికి వ్యతిరేకంగా తిప్పి వదులు చేయాలి. చవక గిటార్లలో ఎక్కువగా 4 లేదా 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. పూర్తిగా లోపలికి దిగి కదలకుండా కూర్చునే కీ మాత్రమే వాడు, వదులుగా ఉన్న కీతో తిప్పితే నట్ మూలలు అరిగిపోతాయి. తీగల్ని కొంచెం వదులు చేసి ఒకసారికి పావు చుట్టు మాత్రమే తిప్పు. మళ్లీ ట్యూన్ చేసి కొలువు. కలప తీరిగ్గా సర్దుకుంటుంది కాబట్టి ఆ రాత్రికి వదిలేసి పొద్దున ఇంకోసారి కొలవడం మంచిది. బలం వాడాల్సి వస్తోందంటే ఆపేయాలి. చాలామంది ట్రస్ రాడ్ అనగానే భయపడి దూరంగా ఉంటారు. ఆ భయం తొందరపడేవాళ్లకే. పావు చుట్టు చొప్పున వెళ్లేవాడికి దీంట్లో ప్రమాదం లేదు.

ఇదంతా పాత తీగలతో చేస్తే పని రెండుసార్లు అవుతుంది. ముందు కొత్త తీగలు కొను, ఎందుకంటే తీగ లావు మారితే నెక్ మీద లాగుడు మారుతుంది. 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) ఉన్న స్ట్రాట్ మీద 10–46 సెట్ (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి మామూలు శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి దాదాపు 46 కిలోల బలంతో లాగుతాయి. 9–42 అయితే సుమారు 38 కిలోలు. కీర్తనలకు నీకు గమకాలు కావాలి కాబట్టి కళ్లు మూసుకుని 9–42 తీసుకో. ఎర్నీ బాల్ అయినా డడారియో అయినా సరే. మన దగ్గర దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకో. చెన్నై వెళ్లే పని పడితే అణ్ణా సాలైలో మ్యూసీ మ్యూజికల్ ఉంది, 1842 నుంచి నడుస్తున్న షాపు, అక్కడ గిటార్లు చేతిలోకి తీసుకుని చూడొచ్చు కూడా. డజను పాతిక రూపాయలకు వచ్చే పేరులేని తీగలు మాత్రం వద్దు. మందం పొడవునా ఒకేలా ఉండదు, ఎంత సర్దినా పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి కలవదు.

పాత తీగలు విప్పినప్పుడు ఫ్రెట్లు శుభ్రం చేసుకో. ఫ్రెట్ల మధ్య చెక్కకు మాస్కింగ్ టేపు అంటించి 1000, ఆ తర్వాత 2000 నంబరు నీటి శాండ్ పేపర్‌తో మెల్లగా రుద్దితే నల్లబడ్డ ఫ్రెట్లు మెరుస్తాయి. తీగ లాగేటప్పుడు గరుకుగా తగిలేది ఆ మురికే. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె ఫ్రెట్‌బోర్డుకు పూయొద్దు. అది చెక్కలో ఉండిపోయి కొన్నాళ్లకు జిడ్డు పట్టి వాసన వస్తుంది. రోజ్‌వుడ్ బోర్డు ఎండిపోయినట్టుంటే గిటార్‌కి అమ్మే లెమన్ ఆయిల్ రెండు చుక్కలు గుడ్డకు పెట్టి తుడువు. లేత రంగులో వార్నిష్ వేసిన మేపుల్ బోర్డు అయితే నూనె అక్కర్లేదు, తడి పిండేసిన గుడ్డ చాలు. నెక్ అంచుల వెంట చెయ్యి జరిపితే ఫ్రెట్ల చివరలు గుచ్చుకుంటున్నాయా? మన ఎండలకు అది మామూలే. ఏప్రిల్, మే నెలల్లో చెక్కలో తేమ పోయి సన్నబడుతుంది, లోహం సన్నబడదు కాబట్టి కొనలు బయటికి వస్తాయి. సన్న ఆకురాయితో అంచుకు సమానంగా రాస్తే పోతుంది, చెక్కకు తగలకుండా చూసుకోవాలి.

ఇప్పుడు నీ శ్రుతి సమస్య. ట్యూనింగ్ కీలు మార్చమని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నా అనుభవంలో కీల తప్పు చాలా అరుదు. హెడ్‌స్టాక్ ముందు వైపు కీ చుట్టూ ఉండే ఆరుపలకల నట్టు వదులై ఉంటే స్పానర్‌తో కొంచెం బిగించు, చాలామటుకు అదే 10 నంబరు. అసలు కారణాలు వేరే చోట ఉంటాయి. తీగను కీకి ఏడెనిమిది చుట్లు అడ్డదిడ్డంగా చుట్టి ఉంటారు, రెండు మూడు చుట్లు కిందికి వరసగా పడితే చాలు. కొత్త తీగల్ని వేసిన వెంటనే ఒక్కొక్కదాన్నీ మధ్యలో పట్టుకుని మెత్తగా పైకి లాగి మళ్లీ ట్యూన్ చేయాలి, శ్రుతి దిగడం ఆగేదాకా. ఇక నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనుకునే గాళ్ల పట్టీ) గాడిలో తీగ ఇరుక్కుంటే, ట్యూన్ చేసేటప్పుడు టిక్ మని శబ్దం వచ్చి శ్రుతి ఒక్కసారిగా ఎగురుతుంది. 2బీ పెన్సిల్ ముక్కును గాడిలో రుద్దు. ఆ గ్రాఫైట్ పొడి తీగను జారేలా చేస్తుంది.

కానీ స్ట్రాట్ మోడల్‌లో శ్రుతికి పెద్ద శత్రువు బ్రిడ్జే. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు లియో ఫెండర్ ఇచ్చిన గొప్ప సదుపాయం ఆ ట్రెమొలో. బ్రిడ్జ్‌కి ఉండే కడ్డీని నొక్కితే ఆరు తీగలూ కలిసి శ్రుతి దిగుతాయి. అందుకోసం బ్రిడ్జ్ ఒక వైపు తీగల లాగుడు, ఇంకో వైపు వెనక స్ప్రింగుల లాగుడు మధ్య తేలుతూ ఉంటుంది. దాంతో నువ్వు ఒక తీగను గమకం కోసం లాగితే బ్రిడ్జ్ ముందుకు లేచి మిగతా ఐదు తీగలూ శ్రుతి తగ్గుతాయి. పక్కన షడ్జం తీగను మోగిస్తూ కీర్తన వాయించాలనుకునేవాడికి ఇంతకంటే ఇబ్బంది లేదు. చవక గిటార్‌లో ఆ బ్రిడ్జ్ లేచిన చోటికి తిరిగి సరిగ్గా రాదు కూడా.

అందుకని నీ గిటార్‌కి నేను ఇచ్చే సలహా, ట్రెమొలోను పడుకోబెట్టేయ్. వెనక ప్లాస్టిక్ మూత విప్పితే స్ప్రింగులు కనిపిస్తాయి, మామూలుగా మూడు ఉంటాయి, ఐదింటికి చోటు ఉంటుంది. వీలైతే ఐదూ వేసి, స్ప్రింగుల్ని పట్టుకున్న పంజా లాంటి రేకు స్క్రూలు రెండింటినీ సమానంగా బిగిస్తూ పో, బ్రిడ్జ్ పలక బాడీకి పూర్తిగా ఆనుకునే వరకు. బిగించే ముందు తీగలు వదులు చేసుకో. ఇంకా గట్టిగా కావాలంటే లోపలి ఇనుప దిమ్మెకూ చెక్కకూ మధ్య ఖాళీలో సరిగ్గా పట్టే చెక్క ముక్కను దూర్చొచ్చు. ఏ ఫర్నిచర్ పనివాళ్లను అడిగినా టేకు ముక్క కోసి ఇస్తారు, కొలత సరిగ్గా తీసుకెళ్లు. అతికించొద్దు, రేపు ట్రెమొలో కావాలనిపిస్తే తీసేసుకోవచ్చు. ఈ ఒక్క పనితో నీ శ్రుతి బాధ చాలావరకు తీరిపోతుంది. ఎవరో స్క్రూలు తిప్పి తిప్పి రంధ్రం వదులైపోయి ఉంటే అగ్గిపుల్ల చెక్కను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి, ఆరాక బిగించు.

తర్వాత నట్ ఎత్తు. నీ ఎఫ్ కార్డ్ కష్టం ఇక్కడే ఉందని నాకు దాదాపు ఖాయంగా తెలుసు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడు. అక్కడ తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఉందా లేదా అన్నట్టు ఉండాలి, వేలితో తడితే చిన్న టిక్ వినిపించాలి. ఏటీఎం కార్డు దూరేంత సందు ఉంటే నట్ గాళ్లు చాలా పైన ఉన్నాయి. అప్పుడు నొక్కడం కష్టమే కాకుండా, మొదటి రెండు మూడు ఫ్రెట్ల దగ్గర స్వరం కూడా పెరిగిపోతుంది. ఓపెన్ తీగలు ట్యూనర్‌లో సరిగ్గా ఉన్నా కార్డ్ పట్టగానే అపశ్రుతి వచ్చేది అందుకే. గాడి లోతు చేయడానికి తీగ లావుకు సరిపోయే సన్న ఆకురాళ్లు కావాలి. అసలైన నట్ ఫైళ్ల సెట్ నీ గిటార్ ధర అంత ఉంటుంది. వెల్డింగ్ సామాన్ల షాపులో గ్యాస్ కట్టింగ్ నాజిల్ శుభ్రం చేసే సన్న తీగల సెట్ అడుగు. వాటికి గరుకు పళ్లుంటాయి, తక్కువ ధరకు వస్తాయి, ఈ పనికి బాగా సరిపోతాయి. గాడి హెడ్‌స్టాక్ వైపు కొంచెం వాలేలా, నాలుగు రాపులకోసారి తీగ వేసి చూసుకుంటూ చెయ్యి. ఎక్కువ కోసేస్తే ఓపెన్ తీగ ఫ్రెట్‌కి కొట్టుకుంటుంది. అప్పుడు గాడిలో చిటికెడు వంటసోడా వేసి ఒక్క చుక్క ఫెవిక్విక్ వదిలితే రాయిలా గట్టిపడుతుంది, మళ్లీ కోసుకోవచ్చు. ఆ పొగ కళ్లకు మంచిది కాదు, కిటికీ తెరిచి చెయ్యి.

నెక్, నట్ అయ్యాకే బ్రిడ్జ్ దగ్గర ఎత్తు సర్దాలి. వరస మారిస్తే ఒక చోటి తప్పును ఇంకో చోట కప్పిపుచ్చినట్టవుతుంది. ఒక్కో శాడిల్‌కి (బ్రిడ్జ్ మీద తీగ ఆనుకునే చిన్న లోహపు ముక్క) రెండు చిన్న స్క్రూలుంటాయి, 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. స్టీలు స్కేలు పెట్టి పన్నెండో ఫ్రెట్ దగ్గర ఫ్రెట్ పైభాగం నుంచి తీగ కిందిభాగం వరకు కొలువు. ఆరో తీగ 2 మిల్లీమీటర్లు, మొదటి తీగ 1.5 నుంచి 1.8, మధ్యవి ఆ రెండింటి నడుమ వరసగా. ఆన్‌లైన్ వీడియోల్లో 1.2 మిల్లీమీటర్ల యాక్షన్ (తీగ ఎత్తు) గురించి గొప్పగా చెబుతారు. అది వేగంగా వాయించేవాళ్లకు. తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు వేలికి తీగ అంచు దొరకాలి. మరీ కిందికి ఉంటే వేలు తీగ మీద నుంచి జారుతుంది, వంపున్న ఫ్రెట్‌బోర్డు మీద లాగిన తీగ పై ఫ్రెట్‌కి తగిలి స్వరం చచ్చిపోతుంది. యాంప్ లేకుండా వినిపించే కొద్దిపాటి బజ్ యాంప్‌లో వినపడకపోతే పట్టించుకోవద్దు.

ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్లలో కూడా స్వరం శ్రుతిలో ఉండేలా సర్దడం, తేలిక. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా హార్మోనిక్ మోగించు, తర్వాత అక్కడే నొక్కి మోగించు. ట్యూనర్‌లో రెండూ ఒకటే చూపించాలి. నొక్కినది ఎక్కువుంటే శాడిల్‌ను వెనక్కి, తక్కువుంటే నట్ వైపుకు జరుపు. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ చాలు.

ఇక కరెంటు సంగతులు. వాల్యూమ్ గరగర అంటే పాట్ (నాబ్ కింద ఉండే సర్దుబాటు భాగం) లోపల దుమ్ము. తిరుమల బైపాస్ పక్క ఇళ్లలో దుమ్ముకు కొదవా! పికప్ పలక విప్పి పాట్ పక్కనున్న సందులో ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి, నాబ్‌ను అటూ ఇటూ బాగా తిప్పు. తుప్పు వదలగొట్టే మామూలు స్ప్రే కాదు, డబ్బా మీద కాంటాక్ట్ క్లీనర్ అని ఉండాలి. పికప్‌లను ఎంచుకునే ఐదు వరసల స్విచ్‌కీ అదే మందు. అప్పటికీ పోకపోతే పాట్ మార్చాలి. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లకు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కి (రెండు చుట్టలున్న పికప్‌కి) 500. ఎలక్ట్రానిక్స్ స్పేర్స్ షాపులో దొరికేదైతే షాఫ్ట్ కొలత మీ నాబ్‌కి సరిపోతుందో లేదో చూసి కొను. కేబుల్ కదిపితే శబ్దం తెగుతూ వస్తుంటే జాక్ నట్టు వదులైంది. దాన్ని ఊరికే బిగిస్తే లోపల జాక్ మొత్తం తిరిగి వైరు తెగుతుంది, పలక విప్పి లోపల చేత్తో పట్టుకుని బిగించు.

హమ్ గురించి నువ్వు రాసిన లక్షణం మంచిదే. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గుతోందంటే బ్రిడ్జ్‌కి గ్రౌండ్ వైరు సరిగ్గా తగిలి ఉందని అర్థం. అది వెనక స్ప్రింగుల పంజాకు సోల్డర్ చేసి ఉంటుంది, మూత విప్పినప్పుడు చూడు, ట్రెమొలో బిగించేటప్పుడు అది తెగకుండా జాగ్రత్త. సింగిల్ కాయిల్ పికప్ గాలిలోని కరెంటు రొదను కూడా పట్టుకుంటుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి ఆ గుయ్ కూడా 50 హెర్ట్జ్‌లోనూ దాని రెట్లలోనూ ఉంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్ దగ్గర్లో ఉంటే ఎక్కువవుతుంది. గదిలో నీ దిశ మార్చి కూర్చుంటే తేడా నీకే తెలుస్తుంది. స్విచ్‌ను రెండో వరసలో, నాలుగో వరసలో పెట్టి చూడు. మధ్య పికప్ తిరుగుచుట్టుదైతే (తీగచుట్ట మిగతావాటికి వ్యతిరేక దిశలో చుట్టినదైతే) హమ్ దాదాపు పోతుంది.

దీనికంటే ముఖ్యమైనది ఒకటుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ గ్రౌండ్‌కి, అక్కడి నుంచి ఇంటి ఎర్త్‌కి కలిసి ఉంటాయి. పాత అద్దె ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం ఉంటుందిగానీ వెనక ఎర్త్ వైరే ఉండదు. తీగలు ముట్టుకున్నప్పుడు చేతికి జిల్లుమంటే ఆ క్షణమే ఆపేయ్. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేలా కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో అడుగు. హమ్ పోతుందని యాంప్ ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కింద ఇల్లుగలవాళ్లు ఎర్తింగ్ ఖర్చుకు ఒప్పుకోకపోతే, ఒప్పుకునే వరకు బ్యాటరీతో నడిచే హెడ్‌ఫోన్ యాంప్ వాడు. నిజానికి నీకిప్పుడు సరిపోయేది కూడా అదే. రాత్రి పదకొండుకు వాయించినా పక్క పోర్షన్ వాళ్లకు వినపడదు. ఇంట్లోని హోమ్ థియేటర్‌కి గిటార్ నేరుగా తగిలించి శబ్దం మూసుకుపోయినట్టుందని పికప్‌లను తిట్టొద్దు. గిటార్ పికప్‌కి ఎదురుగా 10 లక్షల ఓమ్‌ల స్థాయి ఇన్‌పుట్ కావాలి. ఆక్స్ ఇన్‌పుట్‌లో అది చాలా తక్కువ కాబట్టి పైస్వరాల మెరుపంతా అక్కడే పోతుంది.

పికప్‌లు మార్చాలన్న సలహా ఇప్పటికి పక్కన పెట్టు. వాటి ఎత్తు సర్దడం ఉచితం. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, అయస్కాంతం పైభాగానికీ తీగకీ మధ్య లావు తీగ వైపు 2.4, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు ఉంచి మొదలుపెట్టు. మరీ దగ్గరగా పెడితే అయస్కాంతం తీగను లాగి పట్టుకుంటుంది, నాదం త్వరగా ఆరిపోతుంది, లావు తీగ పై ఫ్రెట్లలో రెండు శ్రుతులు కలిసి మోగినట్టు వణుకుతుంది. చాలామంది దాన్ని ఇంటొనేషన్ లోపం అనుకుంటారు.

ఈ సెటప్ ఒకసారి చేసి మరచిపోయేది కాదు. తిరుపతిలో ఎండాకాలం, నవంబరు వానలు నెక్‌ను రెండు వైపులకూ లాగుతాయి. మే మొదట్లో ఒకసారి, కార్తీకం వానల్లో ఒకసారి రిలీఫ్ కొలువు. రేకుల గదిలో, ఎండలో పెట్టిన కారులో గిటార్ ఉంచొద్దు.

కీర్తనల సంగతికి వస్తాను. ఫ్రెట్లున్న ఎలక్ట్రిక్ వాద్యం మీద కర్ణాటక సంగీతం పలకదని ఎవరైనా అంటే, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ వాయిద్యం విను. మాండొలిన్‌కి ఉండే జంట తీగలు వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఆయన గమకాలు పలికించారు. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించే ప్రసన్న ఉన్నారు. ఆరో తీగను ఈ నుంచి డీకి దింపు. ఇప్పుడు ఆరు, ఐదు, నాలుగు తీగలు డీ, ఏ, డీ, అంటే రెండు శ్రుతిలో స, ప, స. ఫోన్‌లో తంబూర పెట్టుకుని నాలుగో తీగ ఒక్కదాని మీదే సరళీ వరసలు మొదలుపెట్టు. మాయామాళవగౌళకు ఫ్రెట్లు 0, 1, 4, 5, 7, 8, 11, 12. మోహనం కావాలంటే 0, 2, 4, 7, 9, 12. ఒకే తీగ మీద ఎందుకంటే స్వరాల మధ్య దూరం చేతికి తెలియాలి, జారు నేర్చుకోవాలి. గిటార్ క్లాసుల్లో నేర్పే అడ్డంగా వెళ్లే స్కేలు పద్ధతిలో గమకానికి చోటు తక్కువ.

ఇక్కడ నీ చెవికి ఒక విషయం తగులుతుంది. నాలుగో ఫ్రెట్ మీద అంతర గాంధారం తంబూరతో కలిపి వింటే కొంచెం ఎక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. అది నీ సెటప్ లోపం కాదు. గిటార్ ఫ్రెట్లు స్థాయిని 12 సమాన భాగాలు చేసి పెట్టినవి. తంబూర నాదంలో సహజంగా వినిపించే గాంధారం కంటే ఆ ఫ్రెట్ అర్ధస్వరంలో 14 శాతం పైన పడుతుంది. శాడిల్ ఎంత జరిపినా అది పోదు, జరిపితే మిగతావి చెడతాయి. నొక్కిన స్వరాన్ని కిందికి దించలేం కాబట్టి గాంధారం మీద నిలబడాల్సిన చోట మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, తీగను పక్కకు లాగి కింది నుంచి గాంధారానికి చేరు. వీణ మీద చేసేది కూడా ఇదే. 9–42 తీగలు, కదలని బ్రిడ్జ్, 1.7 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న గిటార్ మీద అర్ధస్వరం లాగడానికి ఉంగరపు వేలు పెట్టి, వెనక మధ్యవేలు సాయం ఇస్తే చాలు. మొదటి వారం రోజుకు ఇరవై నిమిషాలు మించొద్దు, వేలి కొనలు గట్టిపడనివ్వు. ట్యూనర్ తెర చూడకుండా తంబూర వింటూ లాగు. తీగ సరైన చోటికి చేరినప్పుడు రెండు నాదాల మధ్య కొట్టుకునే అల ఆగిపోతుంది, అది చెవికి స్పష్టంగా వినిపిస్తుంది.